ర్యామ్ మార్చాక కంప్యూటర్ ఆన్ కావట్లేదా? షాపుకి మోసుకెళ్లే ముందు ఇవి చూసుకోండి

కొత్త ర్యామ్ వేశారు. పవర్ బటన్ నొక్కారు. లోపల ఫ్యాన్ తిరుగుతోంది, ముందు లైట్ కూడా వెలుగుతోంది. మానిటర్ మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది. రిపేర్ షాపుల భాషలో దీని పేరు 'నో డిస్‌ప్లే'. అప్పటిదాకా బాగానే పనిచేసిన కంప్యూటర్ కావడంతో చాలామంది ఇక్కడే కంగారు పడిపోతారు. మదర్‌బోర్డు కాలిపోయిందనుకుని, సీపీయూ అని అందరూ పిలిచే ఆ డబ్బాని బండి మీద పెట్టుకుని షాపుకి బయలుదేరతారు.

అంత తొందర అక్కర్లేదు. ర్యామ్ మార్చిన వెంటనే వచ్చే నో డిస్‌ప్లేలో బోర్డు నిజంగా పోవడం అరుదు. స్టిక్ పూర్తిగా కూర్చోకపోవడం, కొన్న స్టిక్ ఆ బోర్డుకి సరిపడే రకం కాకపోవడం, చెయ్యి తగిలి పక్కనున్న కేబుల్ ఊడిపోవడం... ఎక్కువగా ఇవే కారణాలు. ఈ మూడూ ఇంట్లోనో, షాపులోనో కూర్చుని చూసుకోగలిగినవే.

పెద్దాపురం లాంటి ఊళ్లో ఒక్క రోజు ఆగినా నష్టమే

కాకినాడ జిల్లా పెద్దాపురం లాంటి పట్టణంలో డీటీపీ సెంటర్‌కైనా, నెట్ సెంటర్‌కైనా, ఫొటో స్టూడియోకైనా పని మొత్తం ఒకటి రెండు కంప్యూటర్ల మీదే నడుస్తుంది. ఆషాఢంలో మరిడమ్మ అమ్మవారి జాతర వచ్చిందంటే ఫ్లెక్సీలు, బ్యానర్ల పని ఊపిరాడనివ్వదు. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు, ఆల్బమ్‌లు. ఊళ్లోనే నవోదయ విద్యాలయం ఉండటంతో ఆరో తరగతి ప్రవేశాల సమయంలో దరఖాస్తులు నింపించుకోవడానికి తల్లిదండ్రులు వరసగా వస్తుంటారు. గడువు చివరి రోజున కంప్యూటర్ మొరాయిస్తే పోయేది షాపు ఆదాయం మాత్రమే కాదు, ఎవరి పిల్లాడిదో దరఖాస్తు కూడా.

కాకినాడ సుమారు 20 కిలోమీటర్లు. వెళ్లి రావొచ్చు. కానీ ర్యామ్ ఆన్‌లైన్‌లోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ నుంచి పార్శిల్‌లోనో తెప్పించుకున్నవాళ్లు దాన్ని వెనక్కి పంపి మరోటి తెప్పించుకోవాలంటే రోజులు పడుతుంది. తప్పు స్టిక్‌దా, బోర్డుదా, కూర్చోబెట్టిన తీరుదా అన్నది ముందే తేలిపోతే ఆ రోజులు కలిసొస్తాయి.

ఇప్పుడు ర్యామ్ పెంచుకోవాలన్న ఆలోచన ఎక్కువ కావడానికీ కారణముంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలని ఆ కంపెనీ చెబుతోంది గానీ, 4 జీబీతో ఓ బ్రౌజర్, ఓ ఫొటోషాప్ కలిపి తెరిచి చూసినవాళ్లకి అసలు సంగతి తెలుసు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పత్రిక పని చేసుకునేవాళ్లకి పాత మెషీన్ సరిపోతుంది. ఫొటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ తెరిస్తే మాత్రం 8 జీబీ అయినా ఉండాల్సిందే.

ఇంకోవైపు ర్యామ్ ధరలు. ప్రపంచంలో మెమరీ చిప్‌లలో పెద్ద వాటా శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ కంపెనీలదే. ఏఐ డేటా సెంటర్లకి కావాల్సిన మెమరీ తయారీకి ఇవి ప్రాధాన్యం ఇవ్వడంతో 2025 చివర్లో మామూలు కంప్యూటర్ల ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. అదే ఏడాది డిసెంబరులో మైక్రాన్ తన 'క్రూషల్' బ్రాండ్ వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. రేటు పెరిగేసరికి సెకండ్ హ్యాండ్ స్టిక్‌ల వైపు చూసేవాళ్లు పెరుగుతారు. సరిపడని రకం చేతికొచ్చేది కూడా అక్కడే ఎక్కువ.

ముందు పాత స్టిక్‌ని తిరిగి పెట్టండి

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదొక్కటే. కొత్త ర్యామ్ తీసేసి, పాతది ఇంతకుముందున్న స్లాట్‌లోనే పెట్టి ఆన్ చేయండి. డిస్‌ప్లే వచ్చిందంటే బోర్డు, ప్రాసెసర్, పవర్ సప్లై అన్నీ బాగున్నట్టే. సమస్య కొత్త స్టిక్‌లోనో, అది సరిపడకపోవడంలోనో ఉంది. పాత స్టిక్‌తో కూడా రాకపోతే ర్యామ్ పెట్టేటప్పుడు ఇంకేదో కదిలిందని అర్థం. ఈ ఒక్క పరీక్షతో సగం దారి తేలిపోతుంది. అయినా చాలామంది కొత్త స్టిక్‌నే పదిసార్లు తీసి పెడుతూ కూర్చుంటారు.

డబ్బా తెరిచే ముందు కరెంటు సంగతి. గోడ స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయాలి. యూపీఎస్‌కి పెట్టి ఉంటే యూపీఎస్ నుంచే పీకాలి. గోడ దగ్గర ప్లగ్ పీకినా యూపీఎస్ తన బ్యాటరీతో సప్లై ఇస్తూనే ఉంటుంది, ఇది చాలామంది మర్చిపోయే విషయం. ప్లగ్ పీకాక పవర్ బటన్‌ని ఓ 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కూడా దిగిపోతుంది. తర్వాత స్టిక్ ముట్టుకునే ముందు డబ్బా లోపలి రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు దానిలోకి పోతుంది. గోదావరి జిల్లాల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్టాటిక్ ముప్పు పొడి ప్రాంతాలంత ఉండదు. ఏసీ గదిలో మాత్రం ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఇంకో చిన్న మాట. విండోస్‌లో మామూలుగా షట్‌డౌన్ కొడితే 'ఫాస్ట్ స్టార్టప్' వల్ల సిస్టమ్ కొంత భాగాన్ని హార్డ్ డిస్క్‌లో దాచుకుని ఆగుతుంది. ర్యామ్ మార్చాలనుకున్నప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగుతుంది.

'టక్' మని చప్పుడు రావాలి

ర్యామ్ స్లాట్‌లో కూర్చోవడానికి అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ బలమే కావాలి. కొత్తగా చేసేవాళ్లు బోర్డు విరిగిపోతుందేమోనన్న భయంతో సగంలో ఆపేస్తారు. స్టిక్ పైకి కూర్చున్నట్టే కనిపిస్తుంది, ఒక చివర మిల్లీమీటరు పైకి ఉండిపోతుంది. నో డిస్‌ప్లేకి ఆ మిల్లీమీటరు చాలు.

స్లాట్ రెండు చివర్లా ఉండే క్లిప్పులని బయటికి తెరవాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్ ఒకవైపే ఉంటుంది. స్టిక్ కింది అంచులో ఓ గాటు ఉంటుంది, స్లాట్‌లో దానికి ఎదురుగా ఓ మిట్ట ఉంటుంది. రెండూ ఎదురెదురుగా రావాలి. గాటు సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త పక్కకి ఉంటుంది. కాబట్టి స్టిక్ ఒకేవైపు తిప్పి పెట్టడానికి కుదురుతుంది. కుదరకపోతే బలం పెట్టొద్దు. తిరగేసి నొక్కి ఆన్ చేస్తే స్టిక్, స్లాట్ రెండూ కాలిపోయే ప్రమాదం ఉంది. గాటు కుదిరాక రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కితే 'టక్' మని క్లిప్పులు వాటంతటవే మూసుకుంటాయి. చేత్తో మూయాల్సి వస్తోందంటే స్టిక్ ఇంకా దిగలేదన్నమాట.

ఏ స్లాట్‌లో పెట్టామన్నదీ ముఖ్యమే. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఒక్క స్టిక్ అయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, రెండు స్టిక్‌లైతే రెండోది, నాలుగోది వాడాలని చాలా బోర్డుల మాన్యువల్స్ చెబుతాయి. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. కొన్ని బోర్డులు తప్పు స్లాట్‌లో పెట్టినా ఊరుకుంటాయి, కొన్ని ఊరుకోవు.

పాత కంప్యూటర్ అయితే మురికి సంగతి కూడా చూడాలి. తీరానికి దగ్గర ఊళ్లలో తేమకి ర్యామ్ కాంటాక్ట్‌ల మీద, స్లాట్ లోపల పొర పడుతుంది. దుమ్ము తోడైతే కాంటాక్ట్ సరిగ్గా అందదు. ఇన్నేళ్లుగా కదలని స్లాట్‌లో కొత్త స్టిక్ పెట్టినప్పుడే ఇది బయటపడుతుంది. మన దగ్గర మెకానిక్‌లందరూ చేసే రబ్బరు వైద్యం నిజంగానే పనిచేస్తుంది. పెన్సిల్ చెరిపే మెత్తని తెల్ల రబ్బరుతో స్టిక్ బంగారు రంగు అంచుని మెల్లగా తుడవాలి. స్లాట్‌కి దూరంగా చేయాలి, పొట్టు మొత్తం దులపాలి. ఆ పొట్టే స్లాట్‌లో పడితే ఉన్న సమస్యకి ఇంకోటి తోడవుతుంది. ఇసుక కాగితం వద్దు, కాంటాక్ట్ పూత లేచిపోతుంది. ఫ్లెక్సీ షాపుల్లో చేతికందే థిన్నర్ అసలే వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే అదే మేలు. స్లాట్ లోపలికి నోటితో ఊదకుండా మెత్తటి బ్రష్ వాడితే మంచిది, ఊదితే తుంపర్లు పడతాయి. పాత డబ్బాల్లో చీమలు, బొద్దింకలు కాపురం పెట్టడం కూడా మామూలే. పనిలో పనిగా అదీ శుభ్రం చేసుకోవచ్చు.

సైజు ఒకటే, రకం వేరు

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. '8 జీబీ ర్యామ్' అని అడిగి తెచ్చుకుంటే సరిపోదు. డీడీఆర్3 డెస్క్‌టాప్ స్టిక్‌కి 240 పిన్నులు, డీడీఆర్4కీ డీడీఆర్5కీ 288. పిన్నుల లెక్క ఒకటే అయినా డీడీఆర్4, డీడీఆర్5ల గాటు ఒకే చోట ఉండదు. వోల్టేజీ కూడా వేరు. డీడీఆర్3కి 1.5 వోల్ట్‌లు, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1. ఒకదాని స్లాట్‌లో ఇంకోటి కూర్చోకుండా ఉండాలనే గాటు స్థానం మార్చారు. ఒత్తి కూర్చోబెట్టే ప్రయత్నం చేస్తే దెబ్బతినేది స్లాటే.

రకం కరెక్టే, గాటు కుదిరింది, అయినా డిస్‌ప్లే లేదు. పాత బోర్డుల్లో ఇది తరచూ ఎదురయ్యే చిక్కు. దీనికి కారణం స్టిక్ మీదున్న చిప్‌ల సాంద్రత. ఇంటెల్ జీ41 బోర్డులు డీడీఆర్3తో కూడా వచ్చాయి. వీటికి 4 జీబీ స్టిక్ వేయాలంటే రెండు వైపులా కలిపి 16 చిప్‌లున్నదే కావాలి. ఒకే వైపు 8 చిప్‌లున్న 4 జీబీ స్టిక్ పెడితే బోర్డు దాన్ని గుర్తించలేదు. ఆ తర్వాత వచ్చిన హెచ్61 బోర్డులు రెండో తరం, మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్లవి. ఇప్పటికీ చాలా షాపుల్లో నడుస్తున్నాయి. వాటిలో ఒక్కో స్లాట్‌కి 8 జీబీ వరకు వేయొచ్చు. అక్కడా అంతే, 8 జీబీ స్టిక్‌కి 16 చిప్‌లుండాలి.

ఇంకో రకం ఉంది. ఆన్‌లైన్‌లో డీడీఆర్3 స్టిక్‌లు మరీ చవగ్గా కనిపిస్తే వివరాల్లో ఎక్కడో 'ఏఎండీ బోర్డులకు మాత్రమే' అని రాసి ఉంటుంది. ఇంటెల్ బోర్డులో అవి నో డిస్‌ప్లే. అలాగే పాత సర్వర్ల నుంచి తీసిన 'రిజిస్టర్డ్ ఈసీసీ' ర్యామ్. పెద్ద సైజు చిన్న రేటుకి దొరుకుతుంది, మామూలు డెస్క్‌టాప్‌లో కూర్చుంటుంది, పనిచేయదు. లేబుల్ మీద జీబీ ఒక్కటే చూసి కొనేవాళ్లు ఈ రెండింటికీ దొరికిపోతారు.

లేబుల్ చదవడం కష్టమేం కాదు. పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ4 అని ఉంటే డీడీఆర్4. పీసీ3-12800 అంటే 1600 స్పీడు, పీసీ4-21300 అంటే 2666 స్పీడు. స్పీడు తేడా గురించి మాత్రం పెద్దగా భయపడక్కర్లేదు. 3200 స్టిక్‌ని 2666 వరకే పోయే బోర్డులో పెడితే అది 2666తో నడుస్తుంది. రెండు స్టిక్‌ల స్పీడు వేరైతే రెండూ తక్కువ స్పీడుకి దిగొస్తాయి. కంప్యూటర్ అసలు ఆన్ కాకపోవడానికి ఒట్టి స్పీడు తేడా కారణం కావడం తక్కువే.

కొనకముందే చూసుకోవాలంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరవండి. ఎన్ని స్లాట్లు వాడకంలో ఉన్నాయో, స్పీడెంతో అక్కడ కనిపిస్తుంది. సీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే స్టిక్ రకం, కంపెనీ, బోర్డు మోడల్ అన్నీ చూపిస్తుంది. ఆ స్క్రీన్ ఫొటో తీసి షాపువాళ్లకి వాట్సాప్ చేస్తే సగం గొడవ ఉండదు.

కంప్యూటర్ ఏం చెబుతోందో వినండి

బటన్ నొక్కగానే కంప్యూటర్ విండోస్‌ని తెరవదు. బోర్డులోని బయాస్ ముందు ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ ఉన్నాయా లేవా అని వరసగా తనిఖీ చేసుకుంటుంది. ప్రతి ర్యామ్ స్టిక్ మీదా ఓ బుల్లి చిప్ ఉంటుంది. స్టిక్ సైజెంత, స్పీడెంత, ఎంత వోల్టేజీ కావాలి అన్న వివరాలు అందులో రాసి ఉంటాయి. బయాస్ వాటిని చదివి స్టిక్‌ని నడిపించి చూస్తుంది. అది కుదరకపోతే అక్కడే ఆగిపోతుంది. స్క్రీన్ మీద ఏదైనా చెప్పాలన్నా ర్యామ్ కావాలి కాబట్టి బీప్‌లతోనో, లైట్‌తోనో చెబుతుంది.

పాత అవార్డ్ బయాస్‌లో ఆగకుండా పొడుగు బీప్‌లు వస్తుంటే ర్యామ్ సమస్య. ఏఎంఐ బయాస్‌లో మూడు చిన్న బీప్‌లు ర్యామ్‌నే చూపిస్తాయి. డెల్ లాప్‌టాప్‌ల్లో చాలా మోడళ్లకి లైట్ రెండుసార్లు పసుపు, మూడుసార్లు తెలుపు మెరిస్తే ర్యామ్ కనిపించట్లేదని, రెండు పసుపు నాలుగు తెలుపు అయితే ర్యామ్ పాడైందని అర్థం. ఈమధ్య వస్తున్న డెస్క్‌టాప్ బోర్డుల్లో అంచున చిన్న లైట్లుంటాయి, పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది. డీర్యామ్ దగ్గర లైట్ ఆగిపోతే వెతకాల్సిన చోటు తెలిసిపోయినట్టే.

అసెంబుల్డ్ కంప్యూటర్లలో చాలావాటికి బీప్ ఇచ్చే బజర్ ఉండదు. బోర్డు మీద స్పీకర్ అని రాసున్న పిన్నులకి చిన్న బజర్ తగిలిస్తే సరిపోతుంది, కంప్యూటర్ షాపుల్లో తక్కువ రేటుకే ఉంటుంది. బజర్ ఉంటే మెకానిక్‌లు చేసే ఓ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. ప్లగ్ పీకి ర్యామ్ మొత్తం తీసేయాలి. తర్వాత ఆన్ చేయాలి. ర్యామ్ లేదని బీప్‌లు వస్తే బోర్డు, ప్రాసెసర్ బతికే ఉన్నాయి. ర్యామ్ లేకుండా కూడా బీప్ రాకపోతే సమస్య ర్యామ్ దాటి ఉంది.

అలాంటప్పుడు కేబుళ్లు చూడాలి. ర్యామ్ నొక్కేటప్పుడు పక్కనే ఉండే 24 పిన్నుల వెడల్పాటి పవర్ కేబుల్ వదులయ్యే అవకాశం ఎక్కువ. ప్రాసెసర్ దగ్గర నాలుగో ఎనిమిదో పిన్నుల ఇంకో కేబుల్ ఉంటుంది. అది ఊడితే ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే అది స్లాట్‌లోంచి కాస్త లేచి ఉందేమో చూడాలి. మానిటర్ కేబుల్‌ని మళ్లీ పెట్టేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా బోర్డుకి గుచ్చేయడం కూడా జరుగుతుంటుంది. నవ్వులాటగా అనిపించినా షాపుకి వెళ్లాక బయటపడితే ఇబ్బందే.

కాలిన వాసన వచ్చినా, పొగ కనిపించినా వెంటనే ప్లగ్ పీకేయాలి. మళ్లీ ఆన్ చేసి చూసే ప్రయోగం అక్కడ వద్దు.

డీడీఆర్5 అయితే కాస్త ఓపిక పట్టండి

కొత్త కంప్యూటర్లలో ఇది పూర్తిగా వేరే కథ. డీడీఆర్5 ర్యామ్ కొత్తగా పెట్టినప్పుడు బోర్డు మొదటిసారి దానితో ఏ సెట్టింగ్‌లో సరిగ్గా మాట్లాడగలదో వెతుక్కుంటుంది. దీన్ని 'మెమరీ ట్రైనింగ్' అంటారు. ఆ సమయంలో స్క్రీన్ నల్లగానే ఉంటుంది, డీర్యామ్ లైట్ వెలుగుతూ ఉంటుంది. అచ్చం నో డిస్‌ప్లేలాగే. 2022లో వచ్చిన ఏఎండీ ఏఎం5 బోర్డుల్లో ఇది కొన్ని నిమిషాలు పట్టొచ్చు. స్టిక్‌లు పెద్దవైనా, నాలుగున్నా ఇంకా ఎక్కువ. మధ్యలో కంగారుపడి ఆపేస్తే ట్రైనింగ్ మళ్లీ మొదటికొస్తుంది. ఆన్ చేసి ఓ పావుగంట అలా వదిలేయడం మేలు. ఆ పావుగంటలో కరెంటు పోకుండా యూపీఎస్ ఉంటే ఇంకా మంచిది.

బాక్సు మీద రాసిన పెద్ద స్పీడు కోసం ఎక్స్ఎంపీ, ఎక్స్‌పో లాంటి సెట్టింగ్‌లు ఆన్ చేయాలి. అవి తర్వాతి మాట. ముందు మామూలు స్పీడుతో కంప్యూటర్ లేవాలి. పాత ర్యామ్ ఉన్నప్పుడే ఎక్స్ఎంపీ ఆన్ చేసి ఉంటే కొత్త స్టిక్ ఆ స్పీడు తట్టుకోలేక ఆగిపోవచ్చు.

బయాస్ రీసెట్ చేసే ముందు ఒక్క నిమిషం

అలా ఆగినప్పుడు బయాస్‌ని రీసెట్ చేస్తే మొదటి సెట్టింగ్‌లకి వెళ్లిపోతుంది. ప్లగ్ పీకి బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 సెల్ తీసి, కొన్ని నిమిషాలాగి మళ్లీ పెట్టాలి. లేదంటే క్లియర్ సీమాస్ అని రాసున్న రెండు పిన్నులని మాన్యువల్‌లో చెప్పినట్టు కలపాలి. ఈ సెల్ వోల్టేజీ 3 వోల్ట్‌లు. ఏళ్ల నాటి కంప్యూటర్‌లో ఆన్ చేసిన ప్రతిసారీ టైమ్ వెనక్కి పోతుంటే సెల్ అయిపోయినట్టే, ఎలాగూ తెరిచారు కాబట్టి మార్చేయొచ్చు.

అయితే యూట్యూబ్ వీడియోల్లో చాలావరకు చెప్పని చిక్కు ఒకటుంది. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో డిస్క్ బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉండొచ్చు, యజమానికి ఆ సంగతే తెలియకపోవచ్చు. బయాస్ రీసెట్‌తో సెక్యూరిటీ సెట్టింగ్‌లు మారితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే లోపలి ఫైళ్లు తెరవడానికి దారి లేదు. కస్టమర్ల ఆల్బమ్‌లు, ఆధార్ కాపీలు, జీఎస్టీ లెక్కలు ఉన్న షాపు కంప్యూటర్‌కి ఇది ర్యామ్ పోవడం కంటే పెద్ద దెబ్బ. కాబట్టి ర్యామ్ మార్చే ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. అకౌంట్ ఎవరి ఫోన్ నంబరుతో తెరిచారో ముందు గుర్తు తెచ్చుకోండి. కంప్యూటర్ అమ్మిన షాపు కుర్రాడి మెయిల్‌తో తెరిచి ఉంటే మార్చుకోవాల్సిన టైమ్ అదే.

బయాస్ స్క్రీన్‌లని ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోవడం కూడా పనికొస్తుంది. రీసెట్ తర్వాత బూట్ వరస, హార్డ్ డిస్క్ మోడ్ మారిపోయి విండోస్ తెరుచుకోకపోతే ఆ ఫొటో చూసి మళ్లీ పెట్టేయొచ్చు.

డిస్‌ప్లే వచ్చింది, విండోస్ రాలేదు

కంపెనీ లోగో కనిపించి, తర్వాత 'బూట్ డివైస్ లేదు' అన్నట్టు ఇంగ్లిష్‌లో మెసేజ్ వస్తే ర్యామ్‌ని అనుమానించక్కర్లేదు. హార్డ్ డిస్క్ లేదా ఎస్ఎస్‌డీ కేబుల్ వదులై ఉంటుంది, లేదంటే పైన చెప్పిన బూట్ వరస మారి ఉంటుంది. విండోస్ ఫార్మాట్ చేయాలని ఎవరైనా అంటే ముందు కేబుల్ చూడమనండి.

లోగో తర్వాత నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతుంటే మాత్రం ర్యామ్ మీద అనుమానం పెట్టుకోవాల్సిందే. స్టిక్‌లని ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. ఒక స్టిక్‌తో బాగుండి ఇంకోదానితో నీలం స్క్రీన్ వస్తుంటే దొంగ దొరికినట్టే. రెండూ విడివిడిగా బాగుండి, కలిపితేనే గొడవ పడితే ఆ రెంటికీ పొత్తు కుదరలేదన్నమాట. వేర్వేరు కంపెనీల స్టిక్‌లు కలిపినప్పుడు ఇలా అవుతుంటుంది.

ఒక్కోసారి అంతా బాగానే ఆన్ అవుతుంది, 8 జీబీ వేస్తే 3 చిల్లరే చూపిస్తుంది. పాత 32 బిట్ విండోస్ ఉన్న కంప్యూటర్లలో 4 జీబీకి మించి వాడుకోలేదు. స్టిక్ తప్పేమీ లేదు, 64 బిట్ విండోస్ వేయించుకోవాలి.

లాప్‌టాప్‌లో ఇంకొన్ని

లాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌కి సరిపోదు. నాలుగో తరం ఇంటెల్ లాప్‌టాప్‌ల్లో వాడేది డీడీఆర్3ఎల్, అంటే 1.35 వోల్ట్‌లది. లేబుల్ మీద పీసీ3ఎల్ అని 'ఎల్' ఉండాలి. ఆ 'ఎల్' లేని పాత స్టిక్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, స్లాట్‌లోనూ కూర్చుంటుంది, డిస్‌ప్లే మాత్రం రాదు. ఆరో తరం వచ్చేసరికి కొన్ని మోడళ్లు డీడీఆర్3ఎల్, కొన్ని డీడీఆర్4. తరం చూసి కొనేయకుండా ఉన్న స్టిక్ తీసి చూసి కొనాలి. సన్నని లాప్‌టాప్‌ల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, స్లాటే ఉండదు.

లాప్‌టాప్ తెరిచినప్పుడు బ్యాటరీ కనెక్టర్ తీయకుండా ర్యామ్ ముట్టుకోకూడదు. చార్జర్ పీకినా బోర్డులో కరెంటు ఉంటుంది. స్టిక్‌ని 30 డిగ్రీల వాలులో లోపలికి తోసి, తర్వాత కిందికి నొక్కితే పక్క క్లిప్పులు పట్టుకుంటాయి. వాలులో పూర్తిగా లోపలికి తోయకుండానే కిందికి నొక్కడం వల్లే ఎక్కువసార్లు తేడా వస్తుంది.

తిరిగి ఇచ్చేయాల్సి వస్తే

కంప్యూటర్ లేచాక వెంటనే డబ్బా మూత బిగించేయొద్దు. స్టార్ట్ మెనూలో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' అని వెతికి ఒకసారి నడిపించండి. ఇంకా గట్టిగా చూడాలంటే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలేయొచ్చు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్‌ని మార్పించుకోవాల్సిందే. పాడైన స్టిక్‌తో కంప్యూటర్ నడుస్తున్నట్టే ఉంటుంది, సేవ్ చేసిన ఫైల్ మాత్రం ఎప్పుడో ఓ రోజు తెరుచుకోదు. కొత్త స్టిక్ అని అనుమానించకుండా వదిలేస్తేనే ఇలాంటివి జరుగుతాయి.

మార్పించుకోవాలంటే బిల్లు ఉండాలి. 'బిల్లు లేకపోతే ఓ రెండొందలు తగ్గిస్తాం' అనే మాట ర్యామ్ విషయంలో ఖరీదైనది. చాలా బ్రాండ్‌లు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి, కొన్ని పరిమిత లైఫ్‌టైమ్ వారంటీ అంటాయి. అది అడగాలంటే స్టిక్ మీది స్టిక్కర్ చిరగకూడదు, సీరియల్ నంబరు కనిపించాలి. హీట్ సింక్ ఊడదీసి చిప్‌లు లెక్కపెట్టే ప్రయత్నం చేస్తే వారంటీ పోయినట్టే. షాపువాళ్లు మార్చనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు, ఎర్రర్ చూపిస్తున్న స్క్రీన్ ఫొటో దగ్గర పెట్టుకుని మాట్లాడితే పని తొందరగా అవుతుంది.

తీసేసిన పాత స్టిక్‌ని వెంటనే అమ్మేయకుండా కొన్నాళ్లు ఉంచుకోండి. కొత్త స్టిక్ వచ్చిన ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి బీరువాలో పడేస్తే చాలు. మార్పిడికి పంపిన స్టిక్ తిరిగి వచ్చేదాకా షాపు నడవాల్సింది దానితోనే.